మంచు కురవని డెల్టాకు శీతాకాల క్రీడల దారి

విజయవాడ: కృష్ణా డెల్టాలో మంచు అంటే ధనుర్మాసపు తెల్లవారుజామున కాలువ గట్లపై పరుచుకునే పొగమంచే. జనవరిలో సైతం ఇక్కడ ఉష్ణోగ్రత 15 డిగ్రీల కంటే దిగువకు చేరటం అరుదు. అదే సమయంలో లద్దాఖ్‌లోని లేహ్‌ పట్టణంలో రాత్రి ఉష్ణోగ్రత సున్నాకు దిగువన 15 డిగ్రీలకు పడిపోతుంది. చెరువులు గడ్డకట్టి పలకల్లా మారతాయి. ఆ పలకలపైనే ఏటా దేశంలోని వివిధ రాష్ట్రాల జట్లు తలపడుతున్నాయి. ఖేలో ఇండియా శీతాకాల క్రీడలుగా పేరొందిన ఈ పోటీలు 2020లో మొదలయ్యాయి. మంచు ప్రాంతాల వారికే పరిమితమనిపించే ఈ క్రీడోత్సవంలో దక్షిణాది రాష్ట్రాలు ఇప్పటికే పతకాలు గెలుచుకున్నాయి. పొరుగున ఉన్న తెలంగాణ స్వర్ణం సాధించింది. పతకాల పట్టిక పై వరుసల్లోకి ఆంధ్రప్రదేశ్‌ ఇంకా చేరవలసి ఉంది. ఈ క్రీడల స్వరూపం, చరిత్ర, డెల్టా బాలబాలికలకు ఉన్న అవకాశాలు, అడ్డంకులు ఈ విధంగా ఉన్నాయి.

రెండు విడతలు, రెండు వేదికలు

కేంద్ర ప్రభుత్వ ఖేలో ఇండియా పథకం కింద పాఠశాల, విశ్వవిద్యాలయ స్థాయి క్రీడోత్సవాలతో పాటు శీతాకాల క్రీడలనూ నిర్వహిస్తున్నారు. భారత క్రీడా ప్రాధికార సంస్థ, ఆతిథ్య ప్రాంతాల పాలనా యంత్రాంగం, ఆయా క్రీడల జాతీయ సమాఖ్యలు కలసి బాధ్యత వహిస్తాయి. వివిధ రాష్ట్రాలు, కేంద్రపాలిత ప్రాంతాల జట్లతో పాటు సైన్యం, ఇండో టిబెటన్‌ సరిహద్దు పోలీసు దళం వంటి సంస్థల జట్లు కూడా బరిలోకి దిగుతాయి.

తొలి పోటీలు 2020 ఫిబ్రవరి నెలాఖరులో లేహ్‌లో ఆరంభమై, మార్చి 7 నుంచి 11 వరకు కశ్మీర్‌లోని గుల్‌మార్గ్‌లో కొనసాగాయి. 2021లో ఫిబ్రవరి 26 నుంచి మార్చి 2 వరకు, 2023లో ఫిబ్రవరి 10 నుంచి 14 వరకు గుల్‌మార్గ్‌ వేదికగా జరిగాయి. 2022లో పోటీలు జరగలేదు. 2024 నుంచి రెండు విడతల పద్ధతి స్థిరపడింది. ఆ ఏడాది ఫిబ్రవరి 2 నుంచి 6 వరకు లేహ్‌లో, 21 నుంచి 25 వరకు గుల్‌మార్గ్‌లో పోటీలు నిర్వహించారు. 2025లో లేహ్‌ విడత జనవరి 23 నుంచి 27 వరకు జరిగింది. 2026లో లేహ్‌ పోటీలు జనవరి 20న మొదలయ్యాయి.

ఈ విభజనకు కారణం ప్రకృతే. సముద్ర మట్టానికి దాదాపు 3,500 మీటర్ల ఎత్తున ఉన్న లేహ్‌లో చలి తీవ్రం, హిమపాతం స్వల్పం. అందువల్ల అక్కడ నీరు గట్టిగా గడ్డకడుతుంది. దాదాపు 2,650 మీటర్ల ఎత్తున ఉన్న గుల్‌మార్గ్‌లో వాలు కొండలపై మంచు దట్టంగా కురుస్తుంది. గడ్డకట్టిన నీటిపై ఆడే ఆటలు లేహ్‌కు, కురిసిన మంచుపై జారే ఆటలు గుల్‌మార్గ్‌కు దక్కాయి.

తెలుగులో ఈ రెండింటినీ మంచు అనే ఒక్క మాటతోనే వ్యవహరించటం వల్ల తరచూ పొరపాటు ఏర్పడుతోంది. శీతాకాల క్రీడలంటే హిమాలయాల వాలు కొండలే అన్న భావన బలపడింది. నిజానికి ఈ క్రీడల్లో సగం భాగం ఐసు క్రీడలే. ఆకాశం నుంచి కురిసే మంచును డెల్టాకు తేవటం సాధ్యం కాదు. ఐసును మాత్రం ఎక్కడైనా తయారు చేయవచ్చు. ఈ భేదమే డెల్టా క్రీడాకారులకు కీలకం.

ఏయే ఆటలు

ఐసు విభాగంలో ప్రధానమైనవి ఐస్‌ హాకీ, స్పీడ్‌ స్కేటింగ్‌. ఐస్‌ హాకీలో ఒక్కో జట్టు తరఫున గోల్‌ కీపర్‌ సహా ఆరుగురు ఏకకాలంలో ఆడతారు. బంతికి బదులు పక్‌ అనే గుండ్రని రబ్బరు బిళ్లను ఉపయోగిస్తారు. 20 నిమిషాల చొప్పున మూడు భాగాలుగా ఆట సాగుతుంది.

స్పీడ్‌ స్కేటింగ్‌లో షార్ట్‌ ట్రాక్‌ పోటీలకు ఆదరణ ఎక్కువ. ఐస్‌ హాకీ ఆడే రింక్‌లోనే 111.12 మీటర్ల చుట్టుకొలత గల అండాకార పథాన్ని గుర్తిస్తారు. క్రీడాకారులు కొందరు కలసి ఒకేసారి బయలుదేరతారు. గడియారంతో కాక, ప్రత్యర్థులతో నేరుగా పోటీ పడతారు. 500, 1000 మీటర్ల పరుగులు ఇందులో ముఖ్యమైనవి. లేహ్‌లో నవాంగ్‌ దోర్జే స్తోబ్‌దాన్‌ స్టేడియం, గుపుక్స్‌ చెరువు ఐసు క్రీడలకు వేదికలు. 2026 పోటీల్లో సంగీతానికి అనుగుణంగా విన్యాసాలు ప్రదర్శించే ఫిగర్‌ స్కేటింగ్‌కు తొలిసారి చోటు కల్పించారు.

గుల్‌మార్గ్‌ విడతలో ఆల్పైన్‌ స్కీయింగ్‌, నార్డిక్‌ స్కీయింగ్‌, స్కీ మౌంటెనీరింగ్‌, స్నోబోర్డింగ్‌ ఉంటాయి. ఆల్పైన్‌లో జెండాల మధ్య మెలికలు తిరుగుతూ కొండ దిగాలి. నార్డిక్‌లో కిలోమీటర్ల దూరం మంచుపై సాగిపోవాలి. స్కీ మౌంటెనీరింగ్‌లో స్కీ పలకలతో కొండ ఎక్కి, తిరిగి జారుతూ దిగాలి. స్నోబోర్డింగ్‌లో రెండు పాదాలూ ఒకే పలకపై నిలుపుతారు.

జాతీయ క్రీడలతో దీనికి సంబంధం లేదని పాఠకులు గమనించాలి. 38వ జాతీయ క్రీడలు 2025 జనవరి 28 నుంచి ఫిబ్రవరి 14 వరకు ఉత్తరాఖండ్‌లో చలికాలంలోనే జరిగినా, అందులో అథ్లెటిక్స్‌, విలువిద్య, కబడ్డీ వంటి సాధారణ క్రీడలే ఉన్నాయి. శీతాకాల క్రీడలన్నది రుతువును బట్టి కాక, ఆడే నేలను బట్టి వచ్చిన పేరు.

పూర్వ చరిత్ర

శీతాకాల ఒలింపిక్స్‌ 1924లో ఫ్రాన్స్‌లోని షమోనీలో మొదలయ్యాయి. భారత్‌ తరఫున 1964లో ఇన్స్‌బ్రుక్‌లో జెరెమీ బుజకోవ్‌స్కీ తొలిసారి పాల్గొన్నారు. ఆసియా శీతాకాల క్రీడలకు 1986లో జపాన్‌లోని సపోరో నగరం శ్రీకారం చుట్టింది. దేశంలో జాతీయ శీతాకాల క్రీడలు 1996లో గుల్‌మార్గ్‌లో ప్రారంభమయ్యాయి. అయితే అవి ఏటా క్రమం తప్పకుండా జరగలేదు. ఆ లోటును ఖేలో ఇండియా పోటీలు చాలా వరకు తీర్చాయి.

ఒలింపిక్స్‌లో భారత్‌ పేరు ఎక్కువ కాలం వినిపించింది శివ కేశవన్‌ ద్వారానే. 1998 నుంచి 2018 వరకు ఆరు ఒలింపిక్స్‌లో ఆయన ల్యూజ్‌ క్రీడలో పాల్గొన్నారు. ల్యూజ్‌ అంటే ఐసు గొట్టంలాంటి దారిలో చిన్న బండిపై వెల్లకిలా పడుకొని దూసుకుపోవటం. మనాలీ పరిసరాలకు చెందిన ఆయన తండ్రి మలయాళీ, తల్లి ఇటలీ దేశస్థురాలు. దేశంలో ల్యూజ్‌ ట్రాక్‌ లేనందున బండికి చక్రాలు అమర్చి హిమాలయ రహదారులపై, వాహనాల నడుమ సాధన చేశారు. ఐసు లేనిచోట చక్రాలే ఆధారమని ఆయన సాధన రుజువు చేసింది. డెల్టా బాలలకు ఇంతకు మించిన ఉదాహరణ అవసరం లేదు.

పతకాలు ఎవరివి

తొలి నాళ్లలో ఆతిథ్య జమ్మూ కశ్మీర్‌ ఆధిపత్యం చెలాయించింది. 2023లోనూ ఆ జట్టే అగ్రస్థానంలో నిలిచింది. 2024, 2025లలో సైన్యం జట్టు ప్రథమ స్థానం కైవసం చేసుకుంది. గుల్‌మార్గ్‌లోని హై ఆల్టిట్యూడ్‌ వార్‌ఫేర్‌ స్కూల్‌లో సైనికులకు మంచుపై నిరంతర శిక్షణ లభించటం ఇందుకు ప్రధాన కారణం. లేహ్‌ విడతలో స్థానిక లద్దాఖ్‌ క్రీడాకారులకు తిరుగులేని పట్టు ఉంది.

అయితే మంచు కురవని రాష్ట్రాల ప్రస్థానమే ఇక్కడ గమనార్హం. 2024లో కర్ణాటక మొత్తం పతకాల పట్టికలో ద్వితీయ స్థానం సాధించి ఆశ్చర్యపరిచింది. కొడగు జిల్లాకు చెందిన భవానీ తెక్కడ నంజుండ నార్డిక్‌ స్కీయింగ్‌లో స్వర్ణాల పంట పండించారు. కాఫీ తోటల సీమలో పుట్టిన యువతి హిమాలయాల్లో పర్వతారోహణ శిక్షణ పొంది, అక్కడి నుంచి స్కీయింగ్‌లోకి ప్రవేశించారు. 2025 లేహ్‌ పోటీల్లో తమిళనాడు, మహారాష్ట్ర, తెలంగాణ జట్లు స్కేటింగ్‌లో పతకాలు గెలుచుకున్నాయి. వీటిలో ఏ రాష్ట్రంలోనూ చెరువులు గడ్డకట్టవు. చక్రాల స్కేటింగ్‌కు ఆదరణ ఉండటమే ఆ రాష్ట్రాల బలం.

తెలుగువారి అడుగులు

2025లో లేహ్‌ వేదికపై తెలంగాణకు చెందిన నయనశ్రీ తాళ్లూరి షార్ట్‌ ట్రాక్‌ స్కేటింగ్‌లో స్వర్ణం సాధించారు. ఆమె విజయానికి ముందే చక్రాల స్కేటింగ్‌లో తెలుగువారు అంతర్జాతీయ ఖ్యాతి పొందారు. హైదరాబాద్‌కు చెందిన అనూప్‌ కుమార్‌ యామా 2010 గ్వాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో ఆర్టిస్టిక్‌ స్కేటింగ్‌లో రెండు కాంస్యాలు గెలుచుకున్నారు. వ్యక్తిగత విభాగంలో ఒకటి, అవనీ పంచాల్‌తో కలసి జంటల విభాగంలో మరొకటి. 2015లో ఆయనకు అర్జున పురస్కారం లభించింది.

కృష్ణా నదికి ఆవలి ఒడ్డున విజయవాడను ఆనుకొని ఉన్న మంగళగిరి నుంచి జెస్సీ రాజ్‌ మాత్రపు ఇదే ఆర్టిస్టిక్‌ స్కేటింగ్‌లో రాణించింది. 2024 డిసెంబరులో రాష్ట్రపతి ద్రౌపదీ ముర్ము చేతుల మీదుగా ప్రధానమంత్రి రాష్ట్రీయ బాల పురస్కారం స్వీకరించింది. ఫిగర్‌ స్కేటింగ్‌ 2026లో శీతాకాల క్రీడల్లో చేరిన దృష్ట్యా, ఆర్టిస్టిక్‌ స్కేటింగ్‌ నేర్చిన బాలబాలికలకు కొత్త ద్వారం తెరుచుకున్నట్లే.

విపరీతమైన చలిని తట్టుకోవటం మైదాన ప్రాంత పిల్లల వల్ల కాదన్న సందేహానికి 2014లోనే సమాధానం లభించింది. ఆ ఏడాది మే 25న నిజామాబాద్‌ జిల్లాకు చెందిన 13 ఏళ్ల మాలావత్‌ పూర్ణ, ఖమ్మం జిల్లాకు చెందిన సాధనపల్లి ఆనంద్‌ కుమార్‌ ఎవరెస్ట్‌ శిఖరాన్ని అధిరోహించారు. ఇద్దరూ సాంఘిక సంక్షేమ గురుకుల పాఠశాలల విద్యార్థులే. భువనగిరి కొండపై ఓనమాలు దిద్దిన వారికి డార్జిలింగ్‌లో, లద్దాఖ్‌ చలిలో క్రమపద్ధతిలో శిక్షణ ఇప్పించటంతో అది సాధ్యమైంది.

చక్రాల నుంచి ఐసుకు

ఇన్‌లైన్‌ స్కేటింగ్‌లో ఒకే వరుసలో అమర్చిన చక్రాలపై, ఐస్‌ స్కేటింగ్‌లో ఉక్కు బ్లేడుపై నిలబడాలి. శరీరాన్ని వంచే తీరు, మలుపులో ఒక పాదం మీదుగా మరో పాదం వేసే పద్ధతి, తోపుడు బలం రెండింటిలోనూ దగ్గరగా ఉంటాయి. అందువల్లనే ప్రపంచవ్యాప్తంగా ఎందరో ఐస్‌ స్కేటర్లు చక్రాలపై తొలి అడుగులు వేశారు. దేశంలో లాంగ్‌ ట్రాక్‌ స్పీడ్‌ స్కేటింగ్‌కు ఆద్యుడైన గుజరాత్‌ క్రీడాకారుడు విశ్వరాజ్‌ జడేజా కూడా చక్రాల స్కేటింగ్‌ నుంచి వచ్చినవారే.

భేదాలు కూడా తక్కువేమీ కావు. బ్లేడుకు ఉండే రెండు అంచుల్లో ఏ అంచుపై బరువు మోపుతున్నదీ స్కేటర్‌కు ప్రతి క్షణం తెలియాలి. షార్ట్‌ ట్రాక్‌లో ఎప్పుడూ ఎడమవైపే తిరగవలసి ఉన్నందున బ్లేడును పాదం మధ్యలో కాక కాస్త ఎడమకు జరిపి బిగిస్తారు. మలుపులో చేతి వేళ్లు ఐసును తాకుతాయి కాబట్టి గట్టి కొనలున్న చేతొడుగులు ధరిస్తారు. బ్లేడు గాయాల నుంచి రక్షణకు హెల్మెట్‌, మెడ కవచం, కోతను నిరోధించే దుస్తులు తప్పనిసరి. సిమెంటు నేలపై ఎంత నైపుణ్యం సంపాదించినా, ఈ మెలకువలు ఐసుపై గంటల తరబడి సాధన చేస్తే తప్ప పట్టుబడవు.

అసలు చిక్కు ఇక్కడే ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో అంతర్జాతీయ కొలతల ఐస్‌ రింక్‌ ఒక్కటీ లేదు. హైదరాబాద్‌లో 2004లో ప్రారంభమైన స్నో వరల్డ్‌ వంటివి వినోదానికి ఉద్దేశించినవే. దేశం మొత్తం మీద చూసినా రింకుల సంఖ్య స్వల్పం. 1920 నుంచి పేరొందిన సిమ్లా రింక్‌ సహజ శీతలంపై ఆధారపడి చలికాలంలో మాత్రమే పనిచేస్తుంది. గురుగ్రామ్‌లో ఒక వాణిజ్య సముదాయంలోని రింక్‌ ఏడాది పొడవునా సాధనకు ఉపకరిస్తోంది. డెల్టా నుంచి వెళ్లే స్కేటర్‌ ఉత్తరాదికి చేరి, అక్కడే బస చేసి సాధన చేయవలసి ఉంటుంది. ప్రయాణం, వసతి, రింక్‌ రుసుము, పరికరాల భారం కుటుంబంపైనే పడుతుంది. మధ్యతరగతి తల్లిదండ్రులు వెనుకంజ వేయటంలో వింత లేదు.

ఐసు తయారీ డెల్టాకు కొత్త కాదు

కొల్లేరు తీరంలోని కైకలూరు పరిసరాల్లో, మచిలీపట్నం గిలకలదిండి రేవు వద్ద చేపలు, రొయ్యలు చెడకుండా తరలించేందుకు ఐసు దిమ్మలు అనివార్యం. ఐసు ఫ్యాక్టరీలో అమ్మోనియా వాయువును కంప్రెసర్‌ ద్వారా నొక్కి, చల్లార్చి, తిరిగి వ్యాకోచింపజేస్తారు. ఆ చల్లదనం తొట్టిలోని ఉప్పునీటికి చేరుతుంది. ఉప్పు కలిసినందున సున్నా డిగ్రీల కంటే దిగువకు చేరినా ఆ నీరు గడ్డకట్టదు. అందులో ముంచిన డబ్బాల్లోని మంచినీరు మాత్రం దిమ్మగా మారుతుంది.

ఐస్‌ రింక్‌ పనిచేసేది ఇదే సూత్రంపై. కాంక్రీటు పలక లోపల దగ్గరదగ్గరగా గొట్టాలు పరుస్తారు. వాటిలో శీతలీకరించిన ఉప్పునీరు లేదా గ్లైకాల్‌ ద్రవం ప్రవహిస్తుంది. పలకపై నీటిని పలుచని పొరలుగా చల్లుతూ 3, 4 సెంటీమీటర్ల మందం వచ్చే వరకు గడ్డకట్టిస్తారు. బ్లేడ్ల తాకిడికి గరుకెక్కిన ఉపరితలాన్ని ప్రత్యేక యంత్రంతో చెక్కి, వేడినీటి పొర పూసి నునుపు చేస్తారు. వేడినీరు గీతల్లోకి చక్కగా ఇంకి, గాలి బుడగలు లేని గట్టి ఐసుగా మారటం ఇందుకు కారణం.

పరిజ్ఞానం కంటే నిర్వహణే కష్టం. వేసవిలో 45 డిగ్రీలు దాటే విజయవాడలో వేడి గాలి, తేమ లోపలికి చొరబడకుండా భవనాన్ని నిర్మించాలి. యంత్రాలు పగలూ రాత్రీ నడవాలి. ప్రామాణిక రింక్‌ 60 మీటర్ల పొడవు, 30 మీటర్ల వెడల్పు ఉంటుంది. అంత విస్తీర్ణాన్ని గడ్డకట్టిన స్థితిలో నిలపటానికి అయ్యే విద్యుత్తు బిల్లే అన్నిటికంటే పెద్ద భారం.

డెహ్రాడూన్‌ అనుభవం ఈ విషయంలో కళ్లు తెరిపిస్తుంది. 2011 జనవరిలో దక్షిణాసియా శీతాకాల క్రీడల కోసం అక్కడ హిమాద్రి ఐస్‌ రింక్‌ నిర్మించారు. పోటీలు ముగిశాక నిర్వహణ భారమై అది దశాబ్దానికి పైగా నిరుపయోగంగా మిగిలిపోయింది. 2025లో పునరుద్ధరించి, ఆగస్టులో ఆసియా ఓపెన్‌ షార్ట్‌ ట్రాక్‌ పోటీలు నిర్వహించారు. ఆ మధ్య కాలంలో ఎదిగిన ఒక తరం స్కేటర్లు దేశంలో రింక్‌ ఉండీ లేనట్లుగానే గడిపారు. నిర్మాణం నాటి ఉత్సాహం నిర్వహణలోనూ నిలవకపోతే ఆరంభశూరత్వంగానే మిగులుతుందనటానికి ఇదొక నిదర్శనం.

2002 చెప్పిన పాఠం

వేదికలు ఉంటే ఏం జరుగుతుందో తెలుగు నేల ఒకసారి చవిచూసింది. 32వ జాతీయ క్రీడలు 2002 డిసెంబరు 13 నుంచి 22 వరకు హైదరాబాద్‌ ప్రధాన కేంద్రంగా ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో జరిగాయి. ఆ సందర్భంగా గచ్చిబౌలితో పాటు నగరంలో పలుచోట్ల కొత్త ప్రాంగణాలు వెలిశాయి. సొంతగడ్డపై రాష్ట్ర జట్టు అగ్రస్థానం పొందింది. ఆ వసతుల ఆధారంగానే 2003లో ఆఫ్రో ఆసియా క్రీడలకు, 2007లో ప్రపంచ సైనిక క్రీడలకు హైదరాబాద్‌ ఆతిథ్యమిచ్చింది.

2014 జూన్‌ 2న రాష్ట్రం విడిపోవటంతో ఆ ప్రాంగణాలన్నీ తెలంగాణలో ఉండిపోయాయి. కొత్త ఆంధ్రప్రదేశ్‌కు అంతర్జాతీయ స్థాయి వేదికల కొరత మిగిలింది. స్కేటింగ్‌కు సంబంధించి జాతీయ పోటీలకు వేదికైన విశాఖపట్నం వుడా పార్కు రింక్‌ రాష్ట్రానికి పెద్ద ఆధారం. విజయవాడ, గుడివాడ, మచిలీపట్నం పిల్లలకు అది దూరాభారం. కాలనీల సిమెంటు ప్రాంగణాలు, పాఠశాలల ఆవరణలే వారి సాధనకు దిక్కు.

శిక్షణ వసతి ఏర్పడితే డెల్టా సత్తా ఏమిటో విలువిద్యలో రుజువైంది. ఒకప్పుడు ఈ ప్రాంతంలో ఎవరూ పట్టించుకోని ఆ క్రీడకు విజయవాడలో శిక్షణ కేంద్రాలు ఏర్పడిన తరవాత వెన్నం జ్యోతిసురేఖ 2023లో జరిగిన హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో మూడు స్వర్ణాలు గెలుచుకున్నారు. నగరానికే చెందిన బొమ్మదేవర ధీరజ్‌ 2024 పారిస్‌ ఒలింపిక్స్‌లో మిశ్రమ జట్టు విభాగంలో నాలుగో స్థానం వరకు చేరారు.

ఆసక్తి గలవారు తెలుసుకోవలసినవి

ఖేలో ఇండియా శీతాకాల క్రీడలకు నేరుగా దరఖాస్తు చేసుకొని వెళ్లే వీలు లేదు. ఆయా క్రీడల సంఘాల ద్వారా ఎంపిక కావాలి. ఐస్‌ స్కేటింగ్‌ను భారత ఐస్‌ స్కేటింగ్‌ సంఘం, ఐస్‌ హాకీని భారత ఐస్‌ హాకీ సంఘం, స్కీయింగ్‌ను స్కీ అండ్‌ స్నోబోర్డ్‌ ఇండియా పర్యవేక్షిస్తున్నాయి. చక్రాల స్కేటింగ్‌కు భారత రోలర్‌ స్కేటింగ్‌ సమాఖ్య వేరుగా ఉంది. చక్రాలపై జాతీయ పతకం సాధించినంత మాత్రాన ఐసు పోటీలకు అర్హత రాదన్న సంగతి తల్లిదండ్రులు గుర్తించాలి. రెండు చోట్లా విడివిడిగా నమోదు కావాలి. పోటీలు వయోవర్గాల వారీగా జరుగుతాయి కాబట్టి జనన ధ్రువీకరణ పత్రం, ఆధార్‌ వివరాలు సరిచూసుకోవటం అవసరం.

స్కీయింగ్‌ నేర్చుకోదలచిన వారికి గుల్‌మార్గ్‌లోని భారత స్కీయింగ్‌, పర్వతారోహణ సంస్థ, మనాలీలోని అటల్‌ బిహారీ వాజపేయి పర్వతారోహణ సంస్థ చలికాలంలో ప్రాథమిక కోర్సులు నిర్వహిస్తాయి. ఏ రాష్ట్రం వారైనా చేరవచ్చు. విజయవాడ మీదుగా వెళ్లే హిమసాగర్‌, అండమాన్‌ ఎక్స్‌ప్రెస్‌లలో జమ్మూ చేరవచ్చు. 2025 జూన్‌లో కట్రా, శ్రీనగర్‌ మధ్య వందేభారత్‌ రైళ్లు మొదలు కావటంతో కశ్మీర్‌ ప్రయాణం సులువైంది. లేహ్‌కు చలికాలంలో విమానమే శరణ్యం.

సముద్ర మట్టానికి చేరువలో నివసించే డెల్టా వాసులు ఎత్తు ప్రదేశాల విషయంలో జాగ్రత్త వహించాలి. లేహ్‌లో శ్వాసకు అందే ప్రాణవాయువు ఇక్కడితో పోలిస్తే దాదాపు మూడో వంతు తక్కువ. విమానం దిగిన తరవాత కనీసం రెండు రోజులు విశ్రాంతి తీసుకొని, ఆ తరవాతే సాధన మొదలుపెట్టాలి. తలనొప్పి, వాంతులు, ఆయాసం కనిపిస్తే దాచిపెట్టకుండా శిక్షకుడికి చెప్పాలి. లక్షణాలు ముదిరితే దిగువకు తరలించటమే సరైన మార్గం. ఒకటి రెండు రోజుల ముందు వెళ్లి పోటీలో దిగిన జట్టుకు, వారం పది రోజుల ముందుగా చేరి అలవాటు పడిన జట్టుకు ఫలితంలో తేడా స్పష్టంగా ఉంటుంది.

కరుగుతున్న కాలం

ఈ క్రీడలకు వాతావరణ మార్పు సైతం సవాలు విసురుతోంది. 2025లో గుల్‌మార్గ్‌ విడత ఫిబ్రవరి 22న ప్రారంభం కావలసి ఉండగా వాలుపై తగినంత మంచు లేక వాయిదా పడింది. హిమపాతం తరవాత మార్చి 9 నుంచి 12 వరకు నిర్వహించారు. ప్రకృతిని నమ్ముకున్న వేదికలకు ఇటువంటి అనిశ్చితి తప్పదు. కృత్రిమ రింకుల అవసరం కాలక్రమంలో పెరిగేదే.

2026 ఫిబ్రవరిలో ఇటలీలో జరిగిన మిలానో కోర్టినా ఒలింపిక్స్‌కు భారత్‌ నుంచి ఆరిఫ్‌ ఖాన్‌, స్తాంజిన్‌ లుందుప్‌ ఇద్దరే వెళ్లారు. ఒకరిది కశ్మీర్‌, మరొకరిది లద్దాఖ్‌. ఇద్దరూ కురిసిన మంచుపై స్కీయింగ్‌ చేసేవారే. ఐసు విభాగంలో దేశానికి చోటు ఖాళీగానే ఉంది. వేసవి సెలవుల్లో తెల్లవారుజామునే చక్రాలు కట్టుకొని సిమెంటు నేలపై చుట్లు కొట్టే డెల్టా పిల్లలకు ఆ ఖాళీ చోటు అందనంత దూరంలో లేదు. ఏటా కొన్ని వారాల పాటు ఉన్న రింకుల్లోనైనా సాధన చేసేందుకు రాష్ట్ర క్రీడా సంస్థలు, సంఘాలు, దాతలు ముందుకొచ్చి ఎంపికైన స్కేటర్ల ఖర్చు భరించగలిగితే తొలి అడుగు పడుతుంది. రింక్‌ నిర్మాణం ఆ తరవాతి మాట. ఐసు దిమ్మల తయారీలో చేయి తిరిగిన సీమకు అది మోయలేని భారమేమీ కాదు.